హక్కు మనిషిది, నమ్మకానిది కాదు



1949 అక్టోబరు 17న ఢిల్లీలో మన రాజ్యాంగ సభకు ఒక చిక్కు వచ్చిపడింది. మూడేళ్లకు దగ్గరపడుతున్న పని కొలిక్కి వస్తోంది. ప్రవేశిక మీద చర్చ సాగుతోంది. ‘భారత ప్రజలమైన మేము’ అన్న మాటలకు ముందు ‘దేవుడి పేరిట’ అని చేర్చాలంటూ హెచ్.వి. కామత్ ఒక సవరణ ప్రతిపాదించారు. పరమేశ్వరుడి అనుగ్రహాన్ని తలచే మాటలుండాలని గోవింద మాలవీయ అన్నారు. కామాఖ్య అమ్మవారు వెలసిన అస్సాం నుంచి వచ్చిన రోహిణీ కుమార్ చౌధురి, దేవుడొక్కడే అయితే ఎలా, దేవి పేరు కూడా ఉండాలి కదా అని అడిగారు. దేవుడి మీద ఓటు వేయాల్సిన ఇరకాటంలోకి తమను నెట్టవద్దని పూర్ణిమా బెనర్జీ కామత్‌ను వేడుకున్నారు. కామత్ తన పట్టు వీడలేదు. ఓట్లు లెక్కపెట్టారు. సవరణకు అనుకూలంగా 41, వ్యతిరేకంగా 68 వచ్చాయి. దేవుడి పేరు లేకుండానే ప్రవేశిక ఆమోదం పొందింది.

ఆ 68 ఓట్లూ నాస్తికుల ఓట్లని అనుకుంటే పొరపాటు. సవరణను వ్యతిరేకించిన తిరువాన్కూరు నాయకుడు పట్టం థాను పిళ్లై తాను దైవభక్తుణ్నని చెప్పి మరీ వ్యతిరేకించారు. దేవుణ్ని నమ్మడానికీ నమ్మకపోవడానికీ మనిషికి హక్కుందని ఒప్పుకున్నాక, ప్రజలందరి పేరుతో దేవుణ్ని స్మరించడం బలవంతమే అవుతుందన్నది ఆయన వాదన. హృదయనాథ్ కుంజ్రూ కూడా దాదాపు ఇదే దారిలో మాట్లాడారు. మనిషికి అత్యంత పవిత్రమైన విషయంలో ఒకరి భావాన్ని అందరి మీదా రుద్దకూడదని, అలా రుద్దితే అదే ప్రవేశికలో మనం హామీ ఇస్తున్న ఆలోచనా స్వేచ్ఛకూ విశ్వాస స్వేచ్ఛకూ అర్థం లేకుండా పోతుందని ఆయన హెచ్చరించారు. అంటే ఆనాడు ఓటు వేసింది దేవుడున్నాడా లేడా అన్న ప్రశ్న మీద కాదు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పే అధికారం ప్రభుత్వానికుందా, మనిషికుందా అన్నదాని మీద. భక్తులైన సభ్యులే ఆ అధికారాన్ని మనిషికి వదిలిపెట్టారు. ఈ ప్రసంగంలో నేను చెప్పదలచింది దీని చుట్టూనే తిరుగుతుంది. మతస్వేచ్ఛ అనే హక్కు మనిషికి చెందుతుంది, మనిషి నమ్మే నమ్మకానికి చెందదు. ఈ తేడా స్పష్టంగా పట్టుకుంటే, విశ్వాసానికీ హేతువుకూ మధ్య మనం చూసే తగాదాల్లో చాలా వాటికి దారి దొరుకుతుంది. ఇది మరచిపోయినప్పుడు భక్తులూ తప్పుచేస్తారు, హేతువాదులూ తప్పుచేస్తారు.

ముందుగా, ఆ హక్కు మనిషిది ఎందుకయింది? ఇంగ్లండులో జాన్ లాక్ 1689లో మతసహనం మీద అచ్చువేసిన లేఖలో దీనికి ఒక బలమైన కారణం చూపించాడు. రాజు చేతిలో ఉన్నవి కత్తి, జరిమానా, చెరసాల. వీటితో మనిషి శరీరాన్ని ఎటు కావాలంటే అటు తిప్పవచ్చు, నోటితో ఏ మాట కావాలంటే ఆ మాట పలికించవచ్చు. కానీ ఒక సంగతి నిజమని లోపల అనిపించడం బెదిరిస్తే జరిగే పని కాదు. కాబట్టి బలప్రయోగం వల్ల పుట్టేది నటనే తప్ప విశ్వాసం కాదు. ఈ వాదన మతానికి ఎంత వర్తిస్తుందో హేతువుకూ అంతే వర్తిస్తుంది. రుజువు చూసి ఒప్పుకోవడం కూడా లోపల జరిగే పనే. భయంతో ఒప్పుకున్న శాస్త్రం కూడా నటనే. అయితే లాక్ తన వాదనను చివరిదాకా నడిపించలేదు. దేవుణ్ని కాదనేవాడి ప్రమాణానికి విలువ ఉండదంటూ నాస్తికులను ఆ సహనం నుంచి మినహాయించాడు. మన రాజ్యాంగం ఆ మినహాయింపును తుడిచేసింది. 25వ అధికరణ మతాన్ని అవలంబించే, ఆచరించే, ప్రచారం చేసే హక్కులకన్నా ముందు అంతరాత్మ స్వేచ్ఛను పేర్కొంది. ఆ స్వేచ్ఛను పౌరులకే పరిమితం చేయకుండా ఈ దేశంలో ఉన్న వ్యక్తులందరికీ ఇచ్చింది. పదవీ ప్రమాణంలో రెండు దారులు ఉంచింది. దైవసాక్షిగా ప్రమాణం చేసిన మంత్రికీ, దేవుడి పేరెత్తకుండా మనస్ఫూర్తిగా ప్రతిజ్ఞ చేసిన మంత్రికీ అధికారంలో వెంట్రుకవాసి తేడా లేదు.

లాక్ మాట పుస్తకాల్లో మిగిలిపోయిన తర్కం కాదని ఇరవయ్యో శతాబ్దం రెండు వైపుల నుంచీ చూపించింది. ఎన్వర్ హోజా ఏలుబడిలో అల్బేనియా 1967లో మసీదులనూ చర్చిలనూ మూయించి, ప్రపంచంలో మొట్టమొదటి నాస్తిక రాజ్యంగా తనను తాను చెప్పుకుంది. 1976లో తెచ్చుకున్న రాజ్యాంగంలో ప్రభుత్వం ఏ మతాన్నీ గుర్తించదని రాసుకుంది. ప్రార్థన చేయడం, బిడ్డకు బాప్తిస్మం ఇవ్వడం శిక్షించదగిన నేరాలయ్యాయి. రెండు దశాబ్దాలకు పైగా ఇంత నిర్బంధం సాగాక, 1990 నవంబరులో ష్కోడర్ పట్టణపు శ్మశానవాటికలో బహిరంగంగా ప్రార్థన జరిపితే వేలమంది వచ్చారు. ప్రభుత్వం అణిచిపెట్టినది గడపల లోపల బతికే ఉంది. ఇన్నేళ్లలో దేశం నేర్చుకున్నది హేతువాదం కాదు, దాచుకోవడం. ఇక రెండోవైపు చూడండి. పాకిస్తాన్ 1974లో రాజ్యాంగాన్ని సవరించి అహ్మదీలు ముస్లింలు కారని తీర్మానించింది. 1984 ఆర్డినెన్సుతో వారు తమను ముస్లింలుగా చెప్పుకోవడాన్నీ, తమ ప్రార్థనాలయాన్ని మసీదు అనడాన్నీ నేరం చేసింది. 1979లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి తెచ్చిన అబ్దుస్ సలామ్ ఆ వర్గం మనిషే. రబ్వాలో ఆయన సమాధి ఫలకం మీద ‘ముస్లిం’ అన్న మాటను తర్వాత చెరిపేశారు. ఒకచోట మతం ఉండకూడదని ప్రభుత్వం శాసించింది. మరొకచోట ఫలానా మతం ఎవరిదో ప్రభుత్వమే తేల్చింది. సిద్ధాంతాలు ఉత్తర దక్షిణ ధ్రువాలు. చేసిన పని మాత్రం ఒకటే. మనిషి తనకు తాను చెప్పుకోవలసిన జవాబును ప్రభుత్వం లాక్కుంది.

ఇది పడమటి నుంచి అరువు తెచ్చుకున్న ఆలోచన అని కొందరంటారు. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద అశోకుడు చెక్కించిన శాసనాలు ఆ మాటకు సమాధానం. ఆ శాసనాల్లో పన్నెండోది అన్ని మతశాఖల వారినీ గౌరవించమంటుంది. తన శాఖను పొగడటంలోనూ ఇతరుల శాఖను తెగడటంలోనూ నాలుకను అదుపులో ఉంచుకోమంటుంది. తన మతం మీది అభిమానం కొద్దీ ఎదుటి మతాన్ని కించపరిచేవాడు చివరికి తన మతానికే హాని చేస్తాడంటుంది. అశోకుడు బౌద్ధాన్ని అభిమానించిన చక్రవర్తి. ఆ అభిమానం దాచుకోలేదు కూడా. అయినా అందరూ తన ధర్మంలోకి రావాలని అక్కడ శాసించలేదు. ఒకరి ధర్మాన్ని ఒకరు వినాలని కోరాడు. ఇరవై రెండు శతాబ్దాలకు పైబడిన ఆ రాత ఆధునిక హక్కుల పత్రం కాదు. ఆ కాలపు చక్రవర్తికి ఆ కాలపు పరిమితులున్నాయి. అయితే అధికారమున్నవాడు విశ్వాసం దగ్గర ఆగాలన్న తెలివి మన నేలకు కొత్త కాదనడానికి అది చాలు.

ఆ తెలివి మన కాలంలో ఎలా పరీక్షకు నిలిచిందో కేరళలో వచ్చిన జాతీయగీతం కేసు చెబుతుంది. 1985 జులైలో కొట్టాయం జిల్లాలోని ఒక బడి నుంచి ముగ్గురు పిల్లలను పంపించివేశారు. ఒకే ఇంటి పిల్లలు. యెహోవా సాక్షులనే క్రైస్తవ శాఖకు చెందినవారు. పొద్దున ప్రార్థనా సమయంలో జాతీయగీతం పాడుతున్నప్పుడు వారు మర్యాదగా లేచి నిలబడేవారు, కానీ గొంతు కలిపేవారు కాదు. తమ దేవుడికి తప్ప మరి దేనికీ అలా స్తుతి పలకకూడదని వారి మతం చెబుతుందని వారి నమ్మిక. హైకోర్టు వారి మాట వినలేదు. 1986 ఆగస్టు 11న సుప్రీంకోర్టు విన్నది. తీర్పు రాసింది మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్లిన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. జాతీయగీతం పాడి తీరాలన్న చట్టమేదీ లేదని, లేచి నిలబడితే గౌరవం చూపినట్టేనని, ఆ పిల్లలను తీసేయడం వారి భావప్రకటన స్వేచ్ఛకూ అంతరాత్మ స్వేచ్ఛకూ భంగమని కోర్టు తేల్చింది. ఆ తీర్పులో నా దృష్టిలో అన్నిటికన్నా విలువైన మెట్టు మరొకటుంది. ఫలానా నమ్మకం మన బుద్ధికి సబబుగా తోస్తుందా, మన మనసుకు నచ్చుతుందా అని కోర్టు చూడకూడదు. ఆ మనిషి దాన్ని చిత్తశుద్ధితో నమ్ముతున్నాడా లేదా అన్నదే చూడాలి. అమెరికా సుప్రీంకోర్టు కూడా ఇదే శాఖ పిల్లల విషయంలో 1940లో జెండా వందనం తప్పనిసరి అని చెప్పి, మూడేళ్లకే 1943లో తన మాటనే వెనక్కి తీసుకుంది. జాతీయగీతం పాడకపోవడం దేశంలో నూటికి తొంభైతొమ్మిది మందికి వింతగా తోచవచ్చు. హక్కు అవసరమయ్యేది అలాంటి ఒక్కరికే. అందరికీ నచ్చే నమ్మకానికి కోర్టుతో పని పడదు.

ఇక్కడ హేతువాది ఒక గట్టి అభ్యంతరం లేవనెత్తుతాడు. సబబు కాని నమ్మకానికి అంత గౌరవం ఎందుకివ్వాలి? ఇంగ్లండు గణితవేత్త డబ్ల్యు.కె. క్లిఫర్డ్ 1877లో ఈ ప్రశ్నను చాలా పదునుగా అడిగాడు. ఒక ఓడ యజమానికి తన పాత ఓడ సముద్రాన్ని తట్టుకుంటుందా అన్న అనుమానం వస్తుంది. మరమ్మతుకు ఖర్చవుతుంది. ఏమీ కాదులే అని తనను తాను నమ్మించుకుని జనాన్ని ఎక్కించి పంపుతాడు. ఓడ మునిగిపోతుంది. అతడు నిజంగానే నమ్మాడన్న మాట అతడి నేరాన్ని తగ్గించదని క్లిఫర్డ్ అన్నాడు. తగిన రుజువు లేకుండా నమ్మడమే తప్పని ఆయన సిద్ధాంతం. విలియం జేమ్స్ 1896లో దానికి జవాబు చెబుతూ, రుజువు తేల్చలేని, అయినా తేల్చుకోక తప్పని కొన్ని జీవన ప్రశ్నల్లో మనిషికి నమ్మే హక్కుందని వాదించాడు. ఈ ఇద్దరిలో ఎవరు సరి అన్నది తత్వశాస్త్రంలో ఇంకా తేలని తగువు. కానీ మన ప్రశ్నకు ఆ తగువు తీరేదాకా ఆగనక్కర లేదు. క్లిఫర్డ్ మాట పూర్తిగా నిజమే అనుకుందాం. అది మనిషి తన మీద తాను పెట్టుకోవలసిన క్రమశిక్షణ. దాన్ని అమలుచేసే పోలీసును నియమించమని దాని నుంచి రాదు. ఎందుకంటే రుజువు చాలిందో లేదో తేల్చే అధికారం ఒకసారి ప్రభుత్వానికిస్తే అది ఓడ యజమాని దగ్గర ఆగదు. గెలీలియో దగ్గరికి వెళుతుంది. 1633లో రోము న్యాయాధికారులు సరిగ్గా అదే చేశారు. అప్పటి పండితుల లెక్క ప్రకారం రుజువు చాలలేదన్నది వారి వాదనలో భాగమే. పైగా ఓడ యజమానిని శిక్షించడానికి అతడి మనసులోకి చూడనక్కర లేదు. బలహీనమైన ఓడలో జనాన్ని ఎక్కించిన పని చాలు. చేతకు జవాబుదారీ ఉంది, తలపుకు లేదు. ఆ గీత దగ్గరకు మళ్లీ వస్తాను.

అంతకుముందు ఇంకొక అపోహ తీర్చుకోవాలి. విశ్వాసం ఒక శిబిరం, హేతువు ఇంకొక శిబిరం, ప్రతి మనిషీ ఏదో ఒకదానిలో ఉంటాడు అన్న లెక్క చరిత్రకు కుదరదు. కందుకూరి వీరేశలింగం దైవభక్తుడు, బ్రహ్మసమాజంలో నిలిచినవాడు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు ఆయన దగ్గర రెండు ఆయుధాలున్నాయి. ఒకటి అంతఃకరణ, రెండోది శాస్త్రాన్ని శాస్త్రంతోనే ఎదిరించే తర్కం. స్మృతుల్లో పునర్వివాహానికి అనుమతి ఉందని ఈశ్వరచంద్ర విద్యాసాగర్ బెంగాల్లో చూపిన దారిలోనే ఆయన ఇక్కడ పండితులతో తలపడ్డారు. జార్జ్ లమైత్ర్ కాథలిక్ పురోహితుడు. విశ్వం వ్యాకోచిస్తోందని 1927లోనే లెక్కకట్టిన శాస్త్రవేత్త కూడా ఆయనే. 1951లో పోప్ పన్నెండవ పయస్ ఆ శాస్త్రంలో సృష్టికి సాక్ష్యం కనిపిస్తోందన్న ధోరణిలో మాట్లాడితే లమైత్ర్ ఇబ్బందిపడ్డాడు. విశ్వోత్పత్తి సిద్ధాంతానికి మతంతో ముడిపెట్టవద్దన్నది ఆయన వైఖరి. తన విశ్వాసానికి అనుకూలమైన సాక్ష్యాన్ని కూడా వద్దనగలిగిన ఆ నిజాయితీ చాలామంది హేతువాదులకు లేనిది. ఇక అంబేద్కర్. 1935 అక్టోబరులో యేవలాలో, తాను హిందువుగా పుట్టినా హిందువుగా చనిపోనని ప్రకటించారు. 1956 అక్టోబరు 14న నాగపూరులో లక్షలాది మందితో బౌద్ధం స్వీకరించారు. ఈ రెండు తేదీల మధ్య ఇరవై ఒక్క ఏళ్ల చదువు, తులనాత్మక పరిశీలన, వాదోపవాదాలు ఉన్నాయి. మతాన్ని వదలడం మాత్రమే హేతువు పని అనుకునేవారికి ఆయన జీవితం ఎదురు సాక్ష్యం. ఆయన హేతువుతో మతాన్ని ఎంచుకున్నారు. ఇక్కడ చట్టం గుర్తించవలసింది ఒకటుంది. ఉన్న మతంలో ఉండే స్వేచ్ఛ ఎంతో, దాన్ని వదిలే స్వేచ్ఛా, వేరొకటి పట్టుకునే స్వేచ్ఛా, ఏదీ వద్దనుకునే స్వేచ్ఛా అంతే. ఐక్యరాజ్యసమితి 1948 మానవ హక్కుల ప్రకటనలోని 18వ అధికరణ మతం మార్చుకునే స్వేచ్ఛను పేరుపెట్టి మరీ చెప్పింది. తలుపు బయటి నుంచి గడియపెట్టి ఉంటే లోపలున్నవాడు ఇష్టపడి ఉన్నాడో లేదో ఎవరూ చెప్పలేరు.

రెండు నమ్మకాలు బలవంతం లేకుండా ఎలా తలపడవచ్చో చూడాలంటే మన తెలుగునాటే గోరా ఉన్నారు. గోపరాజు రామచంద్రరావు వృక్షశాస్త్రం చెప్పే అధ్యాపకుడు. నాస్తికత్వం కారణంగా కాకినాడలోనూ మచిలీపట్నంలోనూ కాలేజీ ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు, 1947లో దాన్ని విజయవాడకు తరలించారు. అస్పృశ్యతను వేళ్లతో పెకలించాలంటే కర్మ సిద్ధాంతాన్నీ దైవభావననూ వదలాలన్నది ఆయన వాదం. ఆ వాదాన్ని పట్టుకుని నేరుగా సేవాగ్రామానికి వెళ్లి గాంధీతో చర్చకు దిగారు. ప్రార్థన లేని దినం ఎరుగని గాంధీ ఆయనను పొమ్మనలేదు. ఆశ్రమంలో ఉంచుకున్నారు, విన్నారు, వాదించారు. గోరా 1951లో అచ్చువేసిన పుస్తకంలో ఆ సంభాషణలను రాసిపెట్టారు. తన ఆస్తికత సరైనదనీ గోరా నాస్తికత తప్పనీ తాను తీర్పు చెప్పలేనని గాంధీ అన్నట్టు అందులో ఉంది. దేవుడే సత్యమన్న మాటను 1931 నాటికే సత్యమే దేవుడని తిప్పి చెప్పిన గాంధీకి ఇది అనుకోకుండా వచ్చిన మంచితనం కాదు. గాంధీ చివరిదాకా భక్తుడిగానే ఉన్నారు, గోరా చివరిదాకా నాస్తికుడిగానే ఉన్నారు. ఇద్దరిలో ఎవరూ తన నమ్మకం మీద ప్రశ్న పడకూడదని అడగలేదు. ఇద్దరూ ఎదుటి మనిషిని గౌరవించి, ఎదుటి సిద్ధాంతాన్ని నిలదీశారు.

ఇప్పుడు భక్తుల వైపు నుంచి వచ్చే అభ్యంతరం. నా నమ్మకాన్ని ప్రశ్నిస్తే నా మనసు గాయపడుతుంది, నా మనసు గాయపడితే నా మతస్వేచ్ఛకు భంగమే కదా అంటారు. గాయం నిజమే. తల్లిదండ్రుల నుంచి, పండుగల నుంచి, చావుపుట్టుకల నుంచి వచ్చిన నమ్మకాన్ని ఎవరైనా ఎగతాళి చేస్తే నొప్పి కలగడం సహజం. కానీ నొప్పి కలిగినంత మాత్రాన హక్కు పోయినట్టు కాదు. ఎవరైనా నన్ను గుడికి వెళ్లనివ్వకపోతే నా హక్కు పోతుంది. గుడికి వెళ్లడం దండగ అని ఒకరు వ్యాసం రాస్తే నేను రేపు కూడా గుడికి వెళ్లగలను. చట్టం కూడా ఈ తేడాను కొంతవరకు గుర్తించింది. 1927లో శిక్షాస్మృతిలో చేరిన 295ఎ సెక్షన్, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 299వ సెక్షన్, ప్రతి విమర్శనూ నేరం చేయలేదు. ఉద్దేశపూర్వకంగా, దురుద్దేశంతో మతభావాలను అవమానించడమే అక్కడ నేరం. 1957లో ఆ సెక్షన్‌ను సమర్థించినప్పుడు సుప్రీంకోర్టు కూడా ఈ హద్దునే ఎత్తిచూపింది. ఆచరణలో ఆ హద్దు తరచూ చెరిగిపోతోంది. చివరికి కేసు నిలవకపోయినా, దాన్ని నడిపించడమే శిక్షగా మారుతోంది. నమ్మకానికే హక్కుందని అనుకోవడం వల్ల వచ్చే ఫలితమిది. ఒక మతపు మూలసూత్రం మరో మతానికి అపచారంగా తోచడం మామూలే. ఏకేశ్వరవాది మాట విగ్రహారాధకుణ్ని నొప్పించగలదు, విగ్రహారాధకుడి పూజ ఏకేశ్వరవాదిని నొప్పించగలదు. నొప్పి కలిగించే నమ్మకాలన్నిటినీ నిషేధించాలంటే ముందుగా నోరు మూసుకోవలసింది మతాలే. అందుకే విమర్శించే స్వేచ్ఛ భక్తుడికి శత్రువు కాదు. తన మతాన్ని చెప్పుకునే స్వేచ్ఛ కూడా దాని నీడలోనే ఉంది.

ఇక ఇందాక వదిలిన గీత. తలపు స్వేచ్ఛ అయినప్పుడు చేత ఎక్కడ ఆగాలి? 25వ అధికరణే ప్రజాశాంతి, నైతికత, ఆరోగ్యం, ఇతర ప్రాథమిక హక్కులు అనే హద్దులు పెట్టింది. సతి విషయంలో 1829 డిసెంబరులో గవర్నర్ జనరల్ బెంటింక్ ప్రభుత్వం నిషేధం తెచ్చినప్పుడు మతాచారంలో జోక్యమంటూ ఛాందసులు లండన్‌లోని ప్రివీ కౌన్సిల్‌కు వెళ్లారు. 1832లో ఆ వినతి కొట్టివేశారు. చితి మీద చావడం పుణ్యమని ఒకరు మనసులో నమ్మినంతసేపు ఆ నమ్మకాన్ని ఎవరూ తాకలేరు. మరొక మనిషిని చితి ఎక్కించినప్పుడు మాత్రం హక్కు చచ్చిపోయే మనిషిది. తెలంగాణలో జోగిని పేరుతో ఆడపిల్లలను దేవతకు అంకితం చేసిన ఆచారం మీద 1988లో ఆంధ్రప్రదేశ్ చట్టం వచ్చింది. ఆ చట్టం ఎల్లమ్మ మీద భక్తిని నిషేధించలేదు. ఆ భక్తికి ఒక దళిత బాలిక జీవితాన్ని మూల్యంగా చెల్లించడాన్ని నిషేధించింది. మహారాష్ట్రలో నరేంద్ర దభోల్కర్ దశాబ్దాల పాటు అడిగిన చట్టం కూడా ఇలాంటిదే. తన పోరాటం దేవుడి మీదా మతం మీదా కాదని, వాటి పేరిట జరిగే దోపిడీ మీద అని ఆయన పదేపదే చెప్పారు. 2013 ఆగస్టు 20న పుణేలో ఆయనను కాల్చి చంపారు. ఆ డిసెంబరులో చట్టం వచ్చింది. అది శిక్షించేది నరబలి, చేతబడి పేరిట హింస, వైద్యం అందకుండా అడ్డుకోవడం వంటి చేతలను. పూజలను కాదు. నైతికత ఎవరిది, ఎవరు తేలుస్తారు అని అడగవచ్చు. 1954లో శిరూర్ మఠం కేసు నుంచి కోర్టులు ఏ ఆచారం మతానికి అత్యవసరమో తేల్చే పనిలో పడ్డాయి. నా ఉద్దేశంలో అది న్యాయమూర్తిని పీఠాధిపతిగా కూర్చోబెట్టడమే. ఆ ఆచారం మతానికి మూలమా కాదా అన్నదానికన్నా, దానివల్ల ఒప్పుకోని మనిషికి, ఒప్పుకునే వయసు లేని మనిషికి నష్టం జరుగుతోందా అన్నది సరైన ప్రశ్న. దానికి సాక్ష్యంతో జవాబు దొరుకుతుంది.

ఈ సూత్రానికి గట్టి పరీక్ష మతం లోపలే ఎదురవుతుంది. 1949లో బొంబాయి రాష్ట్రం వెలివేతను నిషేధించే చట్టం చేసింది. దావూదీ బోహ్రాల మతాధిపతి దాన్ని సవాలు చేస్తే, తమ వ్యవహారాలు తాము నడుపుకునే హక్కు ఆ శాఖకుందంటూ 1962లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టివేసింది. ప్రధాన న్యాయమూర్తి బి.పి. సిన్హా మాత్రం ఒప్పుకోలేదు. వెలివేత మనిషి పౌర జీవితాన్నే దెబ్బతీస్తుందని ఆయన భిన్నాభిప్రాయం రాశారు. ఈ అంశం అక్కడితో ముగియలేదు. 2023లో దాన్ని తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనానికి నివేదించారు. ఒక మతశాఖ తనకు నచ్చనివాడికి తన పూజలో చోటు లేదనవచ్చు, అది ఆ శాఖలోని మనుషులందరి స్వేచ్ఛలో భాగమే. కానీ ఆ మనిషికి ఇంటివారితో మాటలు, ఊరిలో వ్యాపారం, చచ్చాక పూడ్చుకునే స్థలం కూడా లేకుండా చేస్తే ఆ శాఖ తన స్వేచ్ఛను వాడుకోవడం లేదు, అతడి స్వేచ్ఛను లాక్కుంటోంది. సిన్హా అల్పసంఖ్యలో ఉన్నా న్యాయం ఆయన వైపే ఉందని నేననుకుంటాను. మతసంస్థకు దక్కే హక్కులన్నీ అందులోని మనుషుల నుంచి వచ్చినవే. వాటిని అదే మనుషుల మీద ఆయుధంగా తిప్పడానికి వీల్లేదు.

చివరగా హేతువాదులు తరచూ చూపించే ఒక ఆధారం. 1976లో 42వ సవరణ ద్వారా చేరిన 51ఎ అధికరణ, శాస్త్రీయ దృక్పథాన్నీ మానవతనూ పరిశీలనాసక్తినీ పెంపొందించడం ప్రతి పౌరుడి విధి అంటుంది. అయితే ప్రభుత్వం మూఢనమ్మకాలను బలవంతంగానైనా తుడిచిపెట్టాలి కదా అంటారు. ఆ విధిని రాజ్యాంగం పౌరుడి మీద పెట్టింది, పౌరుడి మనసు మీద పోలీసును పెట్టలేదు. ప్రభుత్వం చేయగలిగింది, చేయవలసింది చాలానే ఉంది. బడిలో మంచి సైన్సు చెప్పించాలి. ఊరికి డాక్టరును పంపాలి. బాణామతి, చేతబడి నెపంతో మనిషిని కొట్టి చంపిన వారిని శిక్షించాలి. ప్రజల డబ్బుతో నడిచే కార్యాలయం ఏ ఒక్క మతానికీ కొమ్ముకాయకుండా చూడాలి. గమనించండి, మంత్రగాడి దగ్గరికి వెళ్లే జనంలో చాలామంది వైద్యుడు అందుబాటులో లేక వెళ్లేవారే. వారికి కావలసింది తిట్లు కాదు, ఆసుపత్రి. శాస్త్రీయ దృక్పథం అంటే నమ్మే వాళ్లను చిన్నచూపు చూడటం కాదు, తన అభిప్రాయాన్ని కూడా సాక్ష్యం ముందు నిలబెట్టే ధైర్యం. ఆ ధైర్యం లేని హేతువాదం ఇంకొక మతమవుతుంది, దానికీ వెలివేతలుంటాయి.

అందుచేత మన రోజువారీ తగాదాల్లో మూడు ప్రశ్నలు వేరువేరుగా అడగాలి. ఈ మాట నిజమా? దీన్ని నమ్మడానికి ఈ మనిషికి స్వేచ్ఛ ఉందా? దీని పేరిట చేస్తున్న పని మరొకరికి హాని చేస్తోందా? మొదటి ప్రశ్న చర్చా వేదికలది, గ్రంథాలయాలది, ప్రయోగశాలలది. దానికి జవాబు వాదనతోనే రావాలి. రెండో ప్రశ్నకు జవాబు ఎప్పుడూ ఒకటే, ఉంది. మూడో ప్రశ్న చట్టానిది. దానికి జవాబు సాక్ష్యంతో రావాలి. మొదటిదానికి లాఠీతో జవాబు చెప్పినా, మూడోదానికి భక్తితో జవాబు చెప్పినా అన్యాయం జరుగుతుంది. నమ్మేవారు తాము ఒప్పుకోని నాస్తికుడి హక్కు కోసం, నమ్మనివారు తమకు అర్థం కాని భక్తుడి హక్కు కోసం మాట్లాడగలిగినప్పుడే ఈ స్వేచ్ఛ ఇద్దరికీ నిలుస్తుంది. రాజ్యాంగ సభలో భక్తులు చేసింది అదే. తమ దేవుడికి ప్రభుత్వ ముద్ర అక్కరలేదని వారు నమ్మారు. ప్రభుత్వ ముద్ర ఉంటే తప్ప నిలవని విశ్వాసమైనా, ప్రశ్నను నేరం చేస్తే తప్ప నిలవని విశ్వాసమైనా అప్పటికే బలహీనపడిందన్నమాట. దాన్ని కాపాడటం చట్టం పని కాదు.